గీత పక్కన నేర్చిన ఆట: ఆండోనీ ఇరావోలా ప్రయాణం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒకే మనిషి మూడుసార్లు గెలిచి బయటికి వచ్చాడు. 2012 మార్చి 8న స్పెయిన్ క్లబ్ అథ్లెటిక్ బిల్బావో రైట్ బ్యాక్‌గా, అంటే కుడి అంచున ఆడే డిఫెండర్‌గా, 3-2తో. 2023 డిసెంబర్ 9న ఇంగ్లండ్‌లోని చిన్న క్లబ్ బోర్న్‌మత్ కోచ్‌గా, 3-0తో. మరుసటి ఏడాది డిసెంబర్ 22న అదే బోర్న్‌మత్‌తో, మళ్లీ 3-0తో. మొదటిసారి ఎదురుగా ఉన్నది ఫెర్గూసన్ జట్టు, రెండోసారి టెన్ హాగ్‌ది, మూడోసారి అమోరిమ్‌ది. ముగ్గురూ మూడు రకాల కోచ్‌లు. కానీ మూడుసార్లూ యునైటెడ్ ఆటగాళ్లకు ఎదురైన కష్టం ఒకటే. బంతి కాలికి తగిలి తల ఎత్తేసరికి ఎవరో ఒకరు మీదికి వచ్చేసి ఉన్నారు.

ఆ మనిషి పేరు ఆండోనీ ఇరావోలా. ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అర్జెంటీనా కోచ్ బియెల్సా శిష్యుడు, మైదానంలో గందరగోళం పుట్టించే కోచ్. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆయన జట్లను స్పెయిన్‌లో రాయో క్లబ్‌ను నడిపిన రోజుల నుంచీ వారం వారం చూస్తున్న నాకు ఆ రెండు మాటలూ సరిపోవు. నాకు కనిపించేది ఒక రైట్ బ్యాక్ కళ్లతో తయారైన ఆట. పన్నెండేళ్లు మైదానం అంచున, తెల్ల గీత పక్కన నిలబడి చూసినవాడు ఆ గీతనే ఆయుధంగా మార్చుకున్నాడు. అది అర్థం కావాలంటే ఆయన పెరిగిన క్లబ్ గురించి ముందు తెలియాలి.

స్పెయిన్‌కు ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని గిపుస్కోవా అనే బాస్క్ ప్రావిన్సు ఉంది. విస్తీర్ణంలో స్పెయిన్ ప్రావిన్సులన్నిటిలోకీ చిన్నది. జనాభా ఏడు లక్షల పైచిలుకు. అందులో ఓరియా నది ఒడ్డున ఉన్న ఉసుర్బిల్ అనే చిన్న ఊళ్లో 1982 జూన్ 22న ఇరావోలా పుట్టాడు. అక్కడికి దగ్గర్లోని శాన్ సెబాస్టియన్ నగరంలో ఆంటిగ్వోకో అనే కుర్రాళ్ల క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు. అదే క్లబ్‌లో దాదాపు అదే వయసు పిల్లలు ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకడు మికెల్ ఆర్టెటా, ఇంకొకడు షాబీ అలోన్సో. తర్వాతి రోజుల్లో ఒకరు ఆర్సెనల్‌ను నడిపారు, ఇంకొకరు 2024లో లెవర్‌కుసెన్‌ను జర్మనీ చాంపియన్‌గా నిలబెట్టారు. 2024-25లో ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఇరవై జట్లలో నాలుగింటి కోచ్‌లు ఈ ఒక్క చిన్న ప్రావిన్సు నుంచే వచ్చారు: ఆర్టెటా, ఆస్టన్ విల్లాలో ఉనాయ్ ఎమెరీ, వెస్ట్ హామ్‌లో హులెన్ లోపెతేగీ, బోర్న్‌మత్‌లో ఇరావోలా. దీన్ని ఒక వింతలా చెప్పుకుంటారు. నిజానికి ఈ నలుగురి ఆటల్లో పోలిక చాలా తక్కువ. ఆర్టెటా జట్టు బంతిని తన దగ్గర ఉంచుకోవాలనుకుంటుంది. ఇరావోలా జట్టు ఎదుటివాళ్ల దగ్గర బంతి ఉన్నా దిగులు పడదు. ఇంకా చెప్పాలంటే, వాళ్ల దగ్గర ఉండటమే కావాలని కోరుకునే సమయాలు కూడా ఉంటాయి.

ఇక క్లబ్ సంగతి. 1999లో, పదహారు పదిహేడేళ్ల వయసులో ఇరావోలా బిల్బావో నగరంలోని అథ్లెటిక్ క్లబ్‌లో చేరాడు. ఆ క్లబ్‌కు వందేళ్లకు పైగా ఒక కట్టుబాటు ఉంది. బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లు, లేదా అక్కడ ఆట నేర్చుకుంటూ పెరిగినవాళ్లు మాత్రమే ఆ చొక్కా వేసుకోవాలి. ప్రపంచమంతా బ్రెజిల్ నుంచో ఆఫ్రికా నుంచో ఆటగాళ్లను తెచ్చుకుంటుంటే, ఈ క్లబ్ తన చుట్టుపక్కల దొరికినవాళ్లతోనే సరిపెట్టుకుంటుంది. అయినా 1929లో స్పెయిన్ లీగ్ మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు జారని జట్లు మూడే ఉన్నాయి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, ఈ అథ్లెటిక్.

ఈ కట్టుబాటు బయటివాళ్లకు గొప్ప ఆదర్శంలా కనిపిస్తుంది. లోపల ఆడేవాళ్లకు అది రోజువారీ లెక్క. గోల్స్ కొట్టే మంచి స్ట్రైకర్ కావాలంటే బజారుకెళ్లి కొనుక్కురావడం కుదరదు. ఉన్న పద్దెనిమిది మందిలో ఎవరిని ఎక్కడ నిలబెడితే పని జరుగుతుందో చూసుకోవాలి. ఒక్కో ఆటగాడు రెండు మూడు స్థానాల్లో ఆడటం నేర్చుకోవాలి. ఇరావోలా కూడా కుర్రతనంలో ముందు వరుసలకు దగ్గరగా ఆడినవాడే, తర్వాత రైట్ బ్యాక్‌గా కుదురుకున్నాడు. ఎర్నెస్టో వాల్వెర్డే కోచ్‌గా ఉన్న 2003 ఆగస్టులో, సొంత మైదానం శాన్ మమేస్‌లో బార్సిలోనాపై మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత పన్నెండు సీజన్లలో 510 మ్యాచ్‌లు. డిఫెండర్ అయి ఉండి ముప్పైకి పైగా గోల్స్ కొట్టాడు. స్పెయిన్ జాతీయ జట్టుకు ఏడుసార్లు ఆడాడు. అది స్పెయిన్ వరుసగా యూరో కప్, ప్రపంచ కప్ గెలుస్తున్న కాలం. రైట్ బ్యాక్‌గా సెర్హియో రామోస్ పాతుకుపోయి ఉన్నప్పుడు మరొకరికి చోటు దొరకడం కష్టమే.

ఆ పన్నెండేళ్లలో నా దృష్టిలో ముఖ్యమైన సీజన్లు రెండు. మొదటిది ఎవరూ గుర్తుపెట్టుకోనిది: 2006-07. ఆ ఏడాది అథ్లెటిక్ చివరి రోజు దాకా నీళ్లలో మునిగేలా ఉంది. చివరికి 40 పాయింట్లతో 17వ స్థానంలో నిలిచి, కింది డివిజన్‌కు జారకుండా గట్టెక్కింది. కింద ఉన్న సెల్టా వీగోకు 39. ఒక్క పాయింట్ తేడాతో క్లబ్ చరిత్ర మొత్తం నిలబడింది. అప్పటికి ఇరావోలాకు ఇరవై నాలుగేళ్లు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, పొరపాటు చేస్తే పేరు ఎప్పటికీ చెడుగా మిగిలిపోతుందని తెలిసి ఆడటం ఎలా ఉంటుందో ఆ వయసులోనే చూశాడు. ఆయన తర్వాత బోర్న్‌మత్‌లో చూపించిన నిబ్బరం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ సీజనే గుర్తొస్తుంది.

రెండోది అందరికీ తెలిసినది. 2011లో అర్జెంటీనా కోచ్ మార్సెలో బియెల్సా బిల్బావోకు వచ్చాడు. ఆయన పద్ధతిని ఒక్క మాటలో చెప్పాలంటే, మైదానమంతా మనిషికి మనిషి. ఎదుటి జట్టులో ప్రతి ఒక్కరికీ మన జట్టులో ఒక కాపలాదారు ఉంటాడు, వెనక ఒక్కడు అదనంగా నిలుస్తాడు. బంతి పోయిన క్షణంలోనే అందరూ తమ తమ మనుషుల మీదికి పరుగెత్తాలి. ఊపిరి తీసుకునే సమయం ఉండదు. ఆ మార్చి రాత్రి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడింది ఆ జట్టే. రూనీ ముందుగా గోల్ కొట్టినా యోరెంటే, డి మార్కోస్, మునియైన్ గోల్స్‌తో తిరిగి గెలిచింది. గోల్‌కీపర్ డి హేయా అన్ని బంతులు ఆపకపోయి ఉంటే తేడా ఇంకా పెద్దదయ్యేది. వారం తర్వాత బిల్బావోలో మళ్లీ 2-1తో గెలిచింది.

కానీ ఆ సీజన్ ముగిసిన తీరు కూడా చెప్పుకోవాలి. మే 9న బుకారెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్, అట్లెటికో మాడ్రిడ్ చేతిలో 0-3. అదే నెల 25న స్పెయిన్ రాజు కప్ ఫైనల్, బార్సిలోనా చేతిలో 0-3. లీగ్‌లో పదో స్థానం. డిసెంబర్‌లో, మార్చిలో గాలిలా ఉన్న కాళ్లు మే వచ్చేసరికి బరువెక్కాయి. బియెల్సా పద్ధతి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే. ఇరావోలా ఆ రెండు ఫైనల్స్‌నూ బయట కూర్చుని చూసినవాడు కాదు, ఆ జట్టులో ఒకడు. ఆట అందాన్నీ దాని ఖరీదునీ ఒకే సీజన్‌లో ఒంటి మీద అనుభవించాడు. అందుకే ఆయన్ని బియెల్సా శిష్యుడని ఊరికే అనేస్తే నాకు నచ్చదు. బియెల్సా దగ్గర నేర్చుకున్నదాన్ని ఆయన యథాతథంగా వాడలేదు. ఏ భాగం ఉంచుకోవాలి, ఏ భాగం మార్చుకోవాలి అనే లెక్క ఆయన కోచింగ్‌లో మొదటి నుంచీ నడుస్తూనే ఉంది.

2015లో అథ్లెటిక్‌ను వదిలి అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ సిటీ జట్టులో పిర్లో, లాంపార్డ్, డేవిడ్ వియాలతో ఆడి, 2016 చివర్లో బూట్లు విప్పేశాడు.

కోచ్‌గా మొదటి మెట్టు చాలామందికి తెలియదు. 2018లో సైప్రస్ ద్వీపంలోని ఏఈకే లార్నకా క్లబ్ ఆయన్ని తీసుకుంది. రాగానే సైప్రస్ సూపర్ కప్ గెలిచాడు, జట్టును యూరోపా లీగ్ గ్రూపు దశకు చేర్చాడు. జనవరి వచ్చేసరికి ఉద్యోగం పోయింది. మొదటి ఉద్యోగంలోనే, ఏడు నెలల్లోపే. ఇలాంటి ఆరంభం తర్వాత మళ్లీ కనిపించకుండా పోయిన మాజీ ఆటగాళ్లు ఎంతోమంది.

ఆయనకు రెండో అవకాశం ఇచ్చింది మిరాండేస్. మిరాండా డి ఎబ్రో అనే చిన్న పట్నం జట్టు అది, 2019లో అప్పుడే రెండో డివిజన్‌కు ఎక్కింది. ఆ సీజన్ రాజు కప్‌లో ఆ జట్టు మొదటి డివిజన్ జట్లను మూడింటిని వరుసగా ఇంటికి పంపింది: సెల్టా వీగో, సెవియ్యా, వియ్యారియల్. సెవియ్యాపై 3-1, వియ్యారియల్‌పై 4-2. ఏదో అదృష్టంతో పెనాల్టీల్లో బయటపడినట్టు కాదు, ఎదురుగా నిలబడి గెలిచినట్టు. సెమీఫైనల్లో రియల్ సొసియెదాద్ దాన్ని ఆపింది. ఆ జట్టు కోచ్ ఇమనోల్ అల్‌గ్వాసిల్ కూడా ఒకప్పటి రైట్ బ్యాకే. ఆయన ఊరు ఓరియో, అదే ఓరియా నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఒకే నది ఒడ్డున పుట్టిన ఇద్దరు రైట్ బ్యాక్‌లు కోచ్‌లుగా సెమీఫైనల్లో తలపడటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

తర్వాత రాయో వాయెకానో. మాడ్రిడ్ నగరంలో పనివాళ్ల పేట వాయెకాస్, ఆ పేట జట్టు ఇది. స్టేడియంలో ఒక గోల్ వెనక ప్రేక్షకుల గ్యాలరీయే ఉండదు, గోడ ఉంటుంది, ఆ గోడ అవతల అపార్ట్‌మెంట్లు. మైదానం కూడా చిన్నది. ఒత్తిడి పెట్టే జట్టుకు చిన్న మైదానం వరం, పరుగెత్తాల్సిన దూరం తగ్గుతుంది కదా. 2020లో రెండో డివిజన్‌లో ఉన్న రాయోను ఇరావోలా తీసుకున్నాడు. ఆ సీజన్ ఆరో స్థానంలో ముగించి, పై డివిజన్‌కు ఎక్కేవాళ్లను తేల్చే ప్లేఆఫ్‌లోకి వెళ్లింది. ఫైనల్ మొదటి మ్యాచ్‌లో జిరోనా చేతిలో సొంత మైదానంలో 1-2తో ఓడింది. పని అయిపోయిందనుకున్నారు. రెండో మ్యాచ్ జిరోనాలో 2-0తో గెలిచి పైకి ఎక్కింది.

పై డివిజన్‌లో మొదటి ఏడాది 12వ స్థానం, రాజు కప్ సెమీఫైనల్. రెండో ఏడాది 11వ స్థానం. రాయో లాంటి క్లబ్‌కు ఇది పండగే. కానీ ఈ అంకెల కన్నా పెద్ద జట్లకు అది పెట్టిన టెన్షన్ ముఖ్యం. 2021 అక్టోబర్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించింది, ఆ రాత్రే బార్సిలోనా కోచ్ కూమన్ ఉద్యోగం పోయింది. ఆరు నెలల తర్వాత బార్సిలోనాకు వెళ్లి అక్కడా 1-0తోనే గెలిచింది. 2022 నవంబర్‌లో రియల్ మాడ్రిడ్‌ను 3-2తో ఓడించింది.

గీత ఎలా ఆయుధమైంది

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ఈ ఆట లోపల ఏం జరుగుతుంది?

కబడ్డీ చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కూతకొచ్చినవాణ్ని మైదానం మధ్యలో పట్టుకోవడం కష్టం. అటూ ఇటూ తప్పించుకోవడానికి చోటుంటుంది. అందుకే మంచి జట్టు వాణ్ని మెల్లగా మూలకు తరుముతుంది. ఒక పక్క గొలుసు కట్టి మూసేస్తే, ఇంకో పక్క బరి గీత ఉంటుంది. గీత దాటితే ఔట్. అంటే గీత కూడా ఒక ఆటగాడిలా పనిచేస్తుంది.

ఫుట్‌బాల్‌లో టచ్‌లైన్, అంటే మైదానం పక్క గీత, అంతే. ఎదుటి గోల్‌కీపర్ దగ్గర బంతి ఉందనుకోండి. ఇరావోలా స్ట్రైకర్ నేరుగా అతని మీదికి పరుగెత్తడు. కాస్త వంపు తిరిగి వస్తాడు, డిఫెన్స్ మధ్యలో ఉండే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లలో ఒకరికి పాస్ వెళ్లే దారిని తన ఒంటితోనే మూసేస్తూ. అంటే బంతి ఏ పక్కకు వెళ్లాలో గోల్‌కీపర్ కాదు, ఈ స్ట్రైకర్ నిర్ణయిస్తాడు. అతని వెనక ఉన్న అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ ఎదుటి జట్టులో మధ్యన నిలబడి బంతి అందుకునేవాడికి అంటుకుపోతాడు. మధ్య దారి మూసుకుంది. ఇక మిగిలింది పక్క దారి. బంతి సెంటర్ బ్యాక్ నుంచి, అంచున ఉండే డిఫెండర్ ఫుల్ బ్యాక్‌కు వెళుతుంది. అతను గీత పక్కన నిలబడి ఉన్నాడు, వీపు వెనక గీత, ముందు నుంచి ఇరావోలా వింగర్ (అంచున దాడి చేసేవాడు) వస్తున్నాడు, లోపలి వైపు మిడ్‌ఫీల్డర్ మూశాడు. మూడో వైపు నుంచి, చాలా జట్లు సాహసించనంత ముందుకు, ఇరావోలా ఫుల్ బ్యాక్ పరుగెత్తి వస్తున్నాడు.

ఆ సెకనులో ఆ ఫుల్ బ్యాక్ మనసులో ఏం జరుగుతుందో ఇరావోలాకు తెలుసు. ఐదు వందల మ్యాచ్‌ల్లో అక్కడ నిలబడింది తనే. వెనక్కి ఇవ్వాలా, గాల్లోకి బాదాలా, త్రో ఇచ్చేసి బతకాలా? మూడింటికీ ఆయన జట్టు సిద్ధంగా ఉంటుంది. వెనక్కిస్తే స్ట్రైకర్ కాచుకుని ఉంటాడు. గాల్లోకి బాదితే ఆ బంతిని తలతో గెలిచే సెంటర్ బ్యాక్‌లు ఉన్నారు, కింద పడే రెండో బంతి మీద ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు వాలతారు. త్రో ఇస్తే ఆట ఆగి, అందరూ మళ్లీ తమ మనుషుల దగ్గర నిలబడటానికి సమయం దొరుకుతుంది.

బంతి చిక్కాక ఆలస్యం ఉండదు. ఎదుటి గోల్ ముప్పై గజాల దూరంలో ఉంటే పదిహేను పాస్‌లు ఇవ్వాల్సిన పని ఏముంది? రెండో మూడో పాస్‌లు, ఒక షాట్. చిన్న క్లబ్‌కు ఈ లెక్క ఎందుకు కలిసొస్తుందో ఇక్కడే తెలుస్తుంది. మూసుకున్న డిఫెన్స్‌ను పాస్‌లతో విప్పగల ఆటగాడు కోట్లు పలుకుతాడు. చెల్లాచెదురుగా ఉన్న డిఫెన్స్ మీదికి వేగంగా పరుగెత్తగలవాడు అంతకన్నా చవగ్గా దొరుకుతాడు. అథ్లెటిక్‌లో ఉన్నవాళ్లతో సరిపెట్టుకోవడం నేర్చినవాడికి ఈ తేడా బాగా తెలుసు.

దీన్ని గందరగోళం అనడం ఎందుకు సరికాదో ఇప్పుడు చెప్పొచ్చు. గందరగోళం ఎదుటి జట్టుకు కలుగుతుంది. ఇటు పక్క పదిమందికీ ఎవరు ఎప్పుడు కదలాలో ముందే తెలుసు. ఒక్కడు అర సెకను ఆలస్యంగా కదిలితే మొత్తం కూలిపోతుంది, వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు పెద్ద మైదానంలో ఒంటరిగా మిగిలిపోతారు. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకున్న పద్ధతిని నేర్పడానికి నెలలు పడుతుంది. బోర్న్‌మత్‌లో ఆ నెలలు అందరి కళ్ల ముందే గడిచాయి.

తొమ్మిది మ్యాచ్‌లు

2023 జూన్‌లో బోర్న్‌మత్ తీసుకున్న నిర్ణయం చాలామందికి కోపం తెప్పించింది. దిగజారుతుందనుకున్న జట్టును గ్యారీ ఓనీల్ 15వ స్థానంలో నిలబెట్టాడు. అలాంటివాణ్ని తీసేసి ఇరావోలాను తెచ్చారు. స్టేడియం పట్టుమని పదకొండు వేల మంది పట్టేది, ప్రీమియర్ లీగ్‌లో అతి చిన్నవాటిలో ఒకటి. అలాంటి క్లబ్‌కు దిగజారడమంటే మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియని ప్రయాణం.

మొదటి తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేదు. మూడు డ్రాలు, ఆరు ఓటములు. ఆర్సెనల్ చేతిలో సొంత మైదానంలో 0-4. ఎవర్టన్‌లో 0-3. తొమ్మిదో మ్యాచ్ వోల్వ్స్‌తో. ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? అదే గ్యారీ ఓనీల్. బోర్న్‌మత్ సొంత మైదానంలోనే వచ్చి 2-1తో గెలిచి వెళ్లాడు. ఆ రోజు ఇరావోలా ఉద్యోగం పోతుందని రాయని పత్రిక లేదు.

నేను ఆ మ్యాచ్‌లన్నీ చూశాను. ఓడుతున్నా ఒక విషయం కనిపించేది. జట్టు వెనక్కి తగ్గడం లేదు. చాలామంది కోచ్‌లు నాలుగు ఓటములు వస్తే పది మందిని గోల్ ముందు పోగేసి ఒక్క పాయింటైనా తెచ్చుకుందామని చూస్తారు. ఇక్కడ అది జరగలేదు. ప్రత్యర్థులు కూడా తేలికైనవాళ్లు కారు. లివర్‌పూల్, టోటెన్‌హామ్, చెల్సీ, బ్రైటన్, ఆర్సెనల్ అన్నీ ఆ తొమ్మిదిలోనే ఉన్నాయి. క్లబ్ యజమానులు ఆ లెక్క చూసి ఆగారో, ఇంకేం చూసి ఆగారో గానీ, ఆగారు. ఈ కథలో వాళ్లకూ సగం మార్కులు ఇవ్వాలి.

అక్టోబర్ 28న బర్న్‌లీపై 2-1తో మొదటి గెలుపు. వెంటనే మాంచెస్టర్ సిటీలో 1-6. మళ్లీ మొదటికొచ్చిందా అనిపించింది. కానీ ఆ తర్వాతి ఏడు లీగ్ మ్యాచ్‌ల లెక్కలో ఆరు గెలుపులు, ఒక డ్రా. న్యూకాజిల్, షెఫీల్డ్, క్రిస్టల్ ప్యాలెస్, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్, నాటింగ్‌హామ్, ఫుల్‌హామ్. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో బోర్న్‌మత్ గెలవడం క్లబ్ చరిత్రలోనే అదే మొదటిసారి.

ఆ వరుస మధ్యలోనే డిసెంబర్ 16న లూటన్‌తో మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోయింది. లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ గుండె ఆగి మైదానంలోనే కూలిపోయాడు. వైద్యులు బతికించారు. ఆ మ్యాచ్‌ను మార్చి 13న మొదటి నుంచి మళ్లీ ఆడించారు. సగం ఆట అయ్యేసరికి లూటన్ 3-0 ఆధిక్యంలో ఉంది. రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకు బోర్న్‌మత్ స్ట్రైకర్ సొలాంకీ ఒకటి కొట్టాడు. ఆ తర్వాత జబార్నీ, వెంటనే సెమెన్యో. 3-3. ఎనభై మూడో నిమిషంలో సెమెన్యో మళ్లీ. 4-3. ఆ రెండో సగంలో లూటన్ ఆటగాళ్లు బంతిని తమ సగం దాటించడానికి పడ్డ అవస్థ చూస్తే, గీత పక్కకు తరమడం అంటే ఏమిటో ఇంకే బొమ్మా గీసి చెప్పక్కర్లేదు.

సీజన్ 48 పాయింట్లతో 12వ స్థానంలో ముగిసింది. ప్రీమియర్ లీగ్‌లో ఆ క్లబ్‌కు అప్పటికి అవే అత్యధిక పాయింట్లు. ఆటగాళ్లలో వచ్చిన మార్పుకు ఒక్క ఉదాహరణ చెబుతాను. రయన్ క్రిస్టీ దాడి వైపు ఆడే ఆటగాడు. ఇరావోలా అతన్ని వెనక్కి లాగి, డిఫెన్స్ ముందు నిలబడే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఒకడిగా మార్చాడు. చూడ్డానికి వింతగా ఉంటుంది. కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, అలసట లేకుండా పరుగెత్తి, చిక్కగానే ముందుకు ఇచ్చేవాడు కావాలంటే, అటాకర్‌గా పెరిగినవాడి కన్నా తగినవాడు ఎవరు?

2024 వేసవిలో సొలాంకీని టోటెన్‌హామ్ కొనుక్కుపోయింది. అంతకుముందు సీజన్‌లో జట్టుకు ఎక్కువ గోల్స్ కొట్టినవాడు అతనే. అయినా 2024-25లో జట్టు ఇంకా పైకి వెళ్లింది. ఎవర్టన్‌లో 87వ నిమిషం దాకా 0-2 వెనకబడి, చివరికి 3-2తో గెలిచింది. ఆర్సెనల్‌ను 2-0తో ఓడించింది. నవంబర్‌లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది, సిటీపై ఆ క్లబ్‌కు అది చరిత్రలో మొదటి గెలుపు. నవంబర్ చివరి నుంచి జనవరి చివరి దాకా లీగ్‌లో పదకొండు మ్యాచ్‌లు ఓడలేదు. ఆ వరుసలో చివరి రెండూ అద్భుతం. న్యూకాజిల్‌కు వెళ్లి 4-1, వారం తర్వాత నాటింగ్‌హామ్‌పై 5-0. అప్పటికి ఇద్దరు స్ట్రైకర్లు ఎవానిల్సన్, ఉనాల్ గాయాలతో బయట ఉన్నారు. వింగర్ వటారాను స్ట్రైకర్‌గా నిలబెట్టాడు. నాటింగ్‌హామ్‌పై అతను హ్యాట్రిక్ కొట్టాడు.

ఇక్కడ ఆగి నిజం ఒప్పుకోవాలి. ఫిబ్రవరి తర్వాత ఆ జట్టు జారింది. ఫిబ్రవరి 22 నుంచి ఏప్రిల్ 5 దాకా లీగ్‌లో ఆరు మ్యాచ్‌లకు ఒక్క గెలుపూ లేదు, అందులో దిగువన కొట్టుమిట్టాడుతున్న వోల్వ్స్, ఇప్స్‌విచ్ చేతిలో ఓటములు కూడా ఉన్నాయి. ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో సిటీ చేతిలో 1-2. యూరప్ పోటీలకు వెళ్లే అవకాశం అలా చేజారి, 56 పాయింట్లతో తొమ్మిదో స్థానం దగ్గర ఆగింది. క్లబ్‌కు అది మళ్లీ కొత్త రికార్డే. కానీ 2012 మే నెలలో బిల్బావో కాళ్లకు పట్టిన బరువు, 2025 మార్చిలో బోర్న్‌మత్ కాళ్లకు పట్టిన బరువు వేరు వేరు అని నేను అనుకోను. బియెల్సా దగ్గర చూసిన ఆ ఖరీదును ఇరావోలా తగ్గించాడు, పూర్తిగా తీర్చలేదు. గాయాలు తక్కువైతే, బెంచ్ మీద ఇంకో ఐదుగురు మంచి ఆటగాళ్లుంటే ఏమయ్యేదో అనేది న్యాయమైన ప్రశ్నే. పద్ధతిలోనే ఆ బలహీనత ఉందనేది కూడా అంతే న్యాయం.

2025 వేసవిలో ఆ డిఫెన్స్‌ను పెద్ద క్లబ్బులు ముక్కలుగా పంచుకున్నాయి. హౌసెన్ రియల్ మాడ్రిడ్‌కు, కెర్కెజ్ లివర్‌పూల్‌కు, జబార్నీ పారిస్‌కు వెళ్లిపోయారు. అరువు మీద వచ్చిన గోల్‌కీపర్ కెపా తిరిగి వెళ్లాడు. ఒక రైట్ బ్యాక్ చేతుల్లో రూపుదిద్దుకున్న డిఫెండర్లను యూరప్‌లోని అతి పెద్ద జట్లు వచ్చి తీసుకెళ్లడం ఒక లెక్కన ఆయనకు దక్కిన సర్టిఫికెట్. కానీ మరుసటి సీజన్ ఆగస్టు 15న, ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌తో మొదటి మ్యాచ్ ఆడాల్సింది ఆయనే.

ఆ రాత్రి కెర్కెజ్ ఎదుటి జట్టులో ఉన్నాడు. ఇటు గోల్‌కీపర్ కొత్త, లెఫ్ట్ బ్యాక్ కొత్త. రెండో సగంలో లివర్‌పూల్ 2-0 చేసింది. చాంపియన్ జట్టు, దాని మైదానం, రెండు గోల్స్ వెనక. ఇరావోలా జట్టు వెనక్కి వెళ్లి గోల్ ముందు నిలబడలేదు. 64వ నిమిషంలో సెమెన్యో ఒకటి కొట్టాడు. పన్నెండు నిమిషాల తర్వాత అదే సెమెన్యో తమ సగంలోనే బంతి అందుకుని, మైదానమంతా పరుగెత్తి రెండోది కొట్టాడు. 2-2. చివరి నిమిషాల్లో కియేసా, సలా గోల్స్‌తో లివర్‌పూల్ 4-2తో గెలిచింది. స్కోరు 2-2 దగ్గర ఉన్నప్పుడు కూడా బోర్న్‌మత్ ఫుల్ బ్యాక్‌లు మధ్య గీత దాటి అవతలే ఉన్నారు.